ఏనుగు పొట్ట కానో

ఉత్తర నైజీరియాలోని కానో నగరానికి హౌసా భాషలో ఓ బిరుదుంది: ‘తుంబిన్ గివా’, అంటే ఏనుగు పొట్ట. ఎంత వేసినా నిండదు, ఏది వేసినా అరిగించుకుంటుంది. ఆ బిరుదుకు ఓ తోక కూడా ఉంది: నువ్వు ఏం తెచ్చినా సరే, నిన్ను మించినవాడు ఇక్కడ ముందే కూర్చుని ఉంటాడు. సరుకు మూట దించుకుంటున్న పరదేశి వ్యాపారికి ఇంతకంటే సూటి హెచ్చరిక ఉండదు.

వెయ్యేళ్లుగా ఆ పొట్టలోకి వెళ్లి బయటికొచ్చిన సరుకుల జాబితా చాలా పెద్దది. ఇనుము, ఉప్పు, కోలా గింజలు, నీలిబట్ట, మేకతోలు, బానిసలు, వేరుశనగ, ఇప్పుడు చైనాలో అచ్చయిన చీటీ గుడ్డలు. సరుకులు మారాయి, సంత మారలేదు. అయితే సరుకు మారినప్పుడల్లా దాన్ని చేసిన చేతుల సంగతేమిటన్నది చరిత్రకారులూ ఆర్థికవేత్తలూ వందేళ్లుగా తేల్చుకోలేకపోతున్న ప్రశ్న. తప్పు వలస పాలనదని కొందరు, పెట్రోలుదని కొందరు, చైనాదని కొందరు, అసలు కానో వర్తకులదేనని కొందరు. ఈ వాదాలను పక్కపక్కన పెట్టి చూడాలంటే ముందు ఊరి మొదలుకు వెళ్లాలి.

ఊరి మధ్యలో దాలా అనే గుట్ట ఉంది. ఆ చుట్టుపక్కల రాళ్లలో ఇనుము ఉందని తెలిసి గాయా ప్రాంతపు కమ్మరులు కొలుములు పెట్టారనీ, ఊరు అలా మొదలైందనీ స్థానికులు చెప్పుకుంటారు. 19వ శతాబ్దం చివర్లో అరబ్బీలో రాసిపెట్టిన ‘కానో వృత్తాంతం’ రాజుల వరుసను 999లో బగౌదాతో మొదలుపెడుతుంది. గిజిమాసు అనే రాజు 1095 తర్వాత మట్టి కోటగోడ ఎత్తడం మొదలుపెట్టాడనీ, ఆ తర్వాతి తరాలవాళ్లు దాన్ని పూర్తి చేశారనీ అందులోనే ఉంది. 15వ శతాబ్దం రెండో సగంలో ఏలిన ముహమ్మద్ రుంఫా గోడను ఇంకా విస్తరించి, కుర్మి బజారును పెట్టించి, రాజభవనం కట్టించాడు. ఆ భవనంలోనే నేటికీ ఎమీర్ ఉంటాడు. కుర్మి బజారు ఇరుకు సందుల్లో నేటికీ తోలు సంచులు, పూసలు, నేత గుడ్డలు అమ్ముతారు.

కానోకు సముద్రమూ లేదు, పెద్ద నదీ లేదు. ఉన్నది ఇసుక. సహారా ఎడారికి దక్షిణపు అంచున, ఒంటెలు ఆగిపోయి గాడిదలు మొదలయ్యే చోట ఈ ఊరు కూర్చుంది. ఉత్తరం నుంచి ఉప్పు, గుర్రాలు, కాగితం వచ్చేవి. దక్షిణాన ఇప్పటి ఘనా అడవుల నుంచి కోలా గింజలు వచ్చేవి. మన తాంబూలంలాగే పెళ్లికీ పేరంటానికీ, స్నేహానికీ రాజీకీ అక్కడ కోలా గింజ పంచాల్సిందే. రెండు దారులు కలిసే చోట దళారీకి, అప్పిచ్చేవాడికి, పూటకూళ్ల ఇంటికి పని పుడుతుంది. వాళ్ల వెనకే చేతిపనివాడికీ పుడుతుంది.

ఆ చేతిపనుల్లో పెద్దది నీలిబట్ట. కోటకు ‘స్త్రీల ద్వారం’ అనే అర్థం వచ్చే కోఫర్ మాతా గేటు దగ్గర నీలి గుంటలున్నాయి. 1498లో మొదలయ్యాయని అక్కడివాళ్లు చెబుతారు. ఒక్కొక్కటి నిలువెత్తు మనిషి మునిగేంత లోతు, నూతి మూతంత వెడల్పు. అందులో నీళ్లు, కర్రబూడిద, ఎండిన నీలిమందు ఆకు, సౌడు వేసి కొన్ని వారాలు పులియబెడతారు. బట్టను ముంచి తీసినప్పుడు పచ్చగా ఉంటుంది. గాలి తగిలాక కళ్ల ముందే నీలం తిరుగుతుంది. గంటలోపు తీస్తే లేత నీలం, ఆరు గంటలు నానిస్తే నలుపుకు దగ్గర. ముంచుతూ తీస్తూ గుంట పక్కన కూర్చునేవాళ్లంతా మగవాళ్లే. దక్షిణాన యొరూబా ప్రాంతంలో అద్దకం ఆడవాళ్ల పని. కానోలో ఆడవాళ్లు నూలు వడికేవారు, అద్దకమూ నేతలో ఎక్కువ భాగమూ మగవాళ్లవి.

ఇస్త్రీ పెట్టె లేని ఇస్త్రీ ఇక్కడి ఇంకో విశేషం. అద్దిన బట్టను దుంగ మీద పరిచి, ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని బరువైన కొయ్య సుత్తులతో లయగా కొడతారు. కానోకు దక్షిణాన కూరా అనే ఊరివాళ్లు ఈ పనిని పరాకాష్ఠకు తీసుకెళ్లారు. సన్నటి పట్టీలు కుట్టి చేసిన తలపాగా గుడ్డను నీలిపొడి చల్లి కొట్టి కొట్టి ఇనప రేకులా మెరిసేలా చేసేవారు. కొన్నది ఎడారిలోని తువారెగ్ తెగవాళ్లు. ఆ రంగు వాళ్ల చెంపలకూ నుదుటికీ అంటుకునేది, అందుకే వాళ్లకు నీలి మనుషులని పేరు. రంగు అంటకపోతే గుడ్డ నకిలీదని వాళ్ల లెక్క.

1851 ఫిబ్రవరిలో జర్మన్ యాత్రికుడు హైన్రిష్ బార్త్ కానో చేరాడు. అతను ఊహలు రాసే రకం కాదు, బజారులో ధరలు అడిగి రాసుకునే రకం. ఊళ్లో 30 వేలమంది ఉంటారనీ, జనవరి నుంచి ఏప్రిల్ దాకా వర్తకం జోరు మీదున్నప్పుడు అది 60 వేలకు చేరుతుందనీ అంచనా వేశాడు. కానో బట్ట ఉత్తరాన ట్రిపోలీ దాకా, పడమర టింబక్టు దాకా వెళ్లేది. ఒక్క టింబక్టుకే ఏటా 300 ఒంటెల బరువు. మొత్తం ఎగుమతి విలువ తక్కువలో తక్కువ 30 కోట్ల గవ్వలని లెక్కగట్టాడు. గవ్వలే డబ్బయిన ఆ రోజుల్లో ఒక కుటుంబం తిండీ బట్టా కలిపి ఏడాదికి 50, 60 వేల గవ్వలతో హాయిగా గడిపేదని కూడా అతనే రాశాడు. భాగిస్తే, బట్ట ఎగుమతి ఒక్కటే ఐదారు వేల కుటుంబాలను ఏడాది పొడవునా పోషించేంత డబ్బు. పని పెద్ద కార్ఖానాల్లో కాక ఇళ్లలో, కుటుంబాల చేతుల మీద సాగడం చూసి బార్త్ ముచ్చటపడ్డాడు.

అదే బార్త్ ఇంకో లెక్కా ఇచ్చాడు: కానో నుంచి ఏటా ఎగుమతయ్యే బానిసలు 5,000 మించరు. ‘మించరు’ అనడమే ఎంత మామూలు వ్యాపారమో చెబుతుంది. 1804లో ఫులానీ మతగురువు ఉస్మాన్ దన్ ఫోదియో మొదలుపెట్టిన మతయుద్ధంలో 1807లో కానో ఫులానీల చేతికి వచ్చింది. ఆ యుద్ధంతో ఏర్పడ్డ సొకోటో సామ్రాజ్యంలో శాంతి వచ్చింది, దారులు భద్రమయ్యాయి, యుద్ధాల్లో పట్టుబడిన మనుషులు పొలాల్లో పత్తి, నీలిమందు, జొన్న పండించారు. 19వ శతాబ్దపు నీలిబట్ట వైభవాన్ని చెప్పేటప్పుడు ఈ చేతులను వదిలేసి మాట్లాడటం కుదరదు.

ఆ వైభవం ఎలా వచ్చిందన్న దాని మీద చరిత్రకారుడు ఫిలిప్ షే 1970లలో చేసిన పరిశోధన ఇప్పటికీ పనికొస్తుంది. అంతకుముందు అద్దకం పెద్ద మట్టి బానల్లో జరిగేది. అద్దకంలో అడుగున మిగిలిన మడ్డిని కాల్చి దాంతో నీరు ఇంకని గచ్చు చేయడం కానో పనివాళ్లు నేర్చుకున్నారు. ఆ గచ్చు పూస్తే గుంటను ఎంత పెద్దగానైనా తవ్వొచ్చు. గుంట పెద్దదైతే గుడ్డకు అయ్యే ఖర్చు తగ్గుతుంది. అంటే కానో బట్ట అగ్గువ కావడానికి కారణం వ్యర్థంలోంచి పుట్టిన ఓ సాంకేతికత. ‘అనాదిగా మారని సంప్రదాయం’ అని కరపత్రాల్లో రాసే చేతిపని, నిజానికి తన కాలంలో కొత్తదనం.

తోలు కథ కూడా ఇలాంటిదే. ఐరోపాలో పుస్తకాలకు అట్టలుగా కట్టిన ‘మొరాకో తోలు’లో కొంత హౌసా మేకలది. ట్రిపోలీ, మొరాకో రేవుల నుంచి ఓడ ఎక్కడంతో ఆ పేరు పడింది. మేకతోలును ఊనడానికి అక్కడ వాడేది ‘బగరువా’ కాయలు. అవి మన నల్లతుమ్మ కాయలే. మన దగ్గర తంగేడు చెక్కతో చేసిన పని అక్కడ తుమ్మకాయతో జరిగింది. ఎర్ర రంగు జొన్న జాతి మొక్క ఆకు మట్టల నుంచి వచ్చేది.

1903 ఫిబ్రవరిలో బ్రిటిష్ సైన్యం కోట ముందుకు వచ్చినప్పుడు ఎమీర్ అలియు ఊళ్లో లేడు, సొకోటో వెళ్లాడు. గోడ చుట్టుకొలత 11 మైళ్లు, ఎత్తు 30 నుంచి 50 అడుగులు, ద్వారాలు 13 అని అధికారులు ఆశ్చర్యపోతూ నమోదు చేసుకున్నారు. ఫిరంగికి ఆ మట్టిగోడ ఒక్కరోజు కూడా ఆగలేదు.

రైలు 1911లో కానో చేరింది. లాంకషైర్ మిల్లులకు పత్తి కావాలి, అందుకే పట్టాలు వేశారు. పత్తి సాగును పెంచడానికి బ్రిటిష్ కాటన్ గ్రోయింగ్ అసోసియేషన్ కాచుకుని కూర్చుంది. కానీ రైలెక్కింది పత్తి కాదు, వేరుశనగ. ఇది ఎందుకు జరిగిందన్నది జాన్ హోగెన్‌డార్న్ 1978లో రాసిన పుస్తకానికి వస్తువు. రైతుకు పల్లీ మీద వచ్చే డబ్బు పత్తి మీద వచ్చేదానికంటే మెరుగు. పైగా పంట బాగా రాకపోతే తినడానికైనా పనికొస్తుంది. పాత కోలా, బట్ట వ్యాపారులు పల్లెపల్లెకూ ఉన్న తమ మనుషుల చేత ముందే బయానాలు, బట్టలు పంపి పంట రాబట్టారు. ఈ కథలో తమాషా సంగతిని చరిత్రకారిణి మేరియన్ జాన్సన్ బయటపెట్టింది: పండిన పత్తికి బ్రిటిష్ సంస్థ ఇచ్చే ధరకంటే ఊరి మగ్గాలవాళ్లు ఎక్కువ ఇచ్చారు. సామ్రాజ్యం దిగి వచ్చి అడిగిన పత్తిని చేనేతగాడు ఎగరేసుకుపోయాడు. వలస పాలన కానో నేతను ఒక్క దెబ్బతో చంపేసిందన్న తేలిక వాదం ఇక్కడ నిలబడదు. మగ్గం చాలా ఏళ్లు పోరాడింది. దాన్ని నెమ్మదిగా తిన్నది, రైల్లో పల్లీలు వెళ్లి ఖాళీ అయిన పెట్టెల్లో తిరిగొచ్చిన మాంచెస్టర్ గుడ్డ.

ఈ మలుపుకు బొమ్మ కట్టిన మనిషి అల్హసన్ దంతాతా. 1877లో కానోకు దగ్గరి బెబెజిలో పుట్టి, కోలా వ్యాపారంతో పైకొచ్చాడు. గాడిదల మీద నెలల తరబడి నడిచే కోలాను గోల్డ్ కోస్ట్ (ఇప్పటి ఘనా) నుంచి లాగోస్‌కు ఓడలో, అక్కడి నుంచి రైల్లో తెప్పించాడు. తర్వాత వేరుశనగ కొనుగోలులోకి దిగి, 1955లో చనిపోయేనాటికి పశ్చిమ ఆఫ్రికాలోకెల్లా సంపన్నుడనిపించుకున్నాడు. సిమెంటు, చమురుశుద్ధి వ్యాపారాలతో ఆఫ్రికాలో అత్యంత ధనికుడైన అలికో దంగోటే ఆయన మునిమనవడు.

కానో అనగానే పాత పోస్టుకార్డుల్లో కనిపించేవి వేరుశనగ పిరమిడ్లు. వేల గోనె బస్తాలను మెట్లు మెట్లుగా పేర్చి, పైన టార్పాలిన్ కప్పిన కొండలు. ఫొటోల్లో అది సంపదకు గుర్తు. అసలు సంగతి వేరు: పంట వచ్చినంత జోరుగా రైలు పెట్టెలు రాలేదు, బస్తాలు గుట్ట పడ్డాయి. ప్రపంచం చూసి మురిసిన పిరమిడ్ ఒక రకంగా రవాణా చిక్కుముడి.

1970ల నడుమకు అవి కనుమరుగయ్యాయి. ఎందుకు? 1972, 73 ఏళ్లలో సహేల్‌ను కరవు కొట్టింది. 1975లో ‘రోజెట్’ తెగులు వచ్చి దాదాపు ఏడు లక్షల హెక్టార్ల పంటను ఊడ్చేసింది. మొక్క గిడసబారి, ఆకులు ఒకచోట గుత్తిగా ముడుచుకుపోయే ఈ వైరస్‌ను మోసేది రాయలసీమ రైతుకు బాగా తెలిసిన పేనుబంకే. తెగులు మాత్రం ఆఫ్రికాను దాటి రాలేదు. అదే సమయంలో నైజీరియా ఎగుమతి చేసే పెట్రోలు ధర పెరిగింది, పనివాళ్లు పట్నాలకు పోయారు, దేశపు కరెన్సీ నైరా విలువ పెరిగి పల్లీ ఎగుమతి గిట్టకుండా పోయింది.

వీటన్నిటికీ ముందే ఇంకో గొడవ ఉంది. 1949లో పెట్టిన వేరుశనగ మార్కెటింగ్ బోర్డు రైతుకు ప్రపంచ ధర కంటే బాగా తక్కువ చెల్లించి మిగులు దాచింది. ఇది రైతు మీద వేసిన దొంగ పన్ను అని ఆర్థికవేత్త పి.టి. బావర్ 1954లోనే దుయ్యబట్టాడు. ఆ మిగులుతోనే రోడ్లు, బడులు, మిల్లులు వచ్చాయని 1966లో జెరాల్డ్ హెలైనర్ ఎదురు వాదించాడు. ఇద్దరి లెక్కలూ సరైనవే. బోర్డు డబ్బు నిజంగానే కొన్ని మిల్లులుగా మారింది. కరవు వచ్చిన ఏడు రైతు చేతిలో నిలదొక్కుకోవడానికి ఏమీ లేకపోవడమూ నిజమే.

పిరమిడ్లు పోయాయి కాబట్టి వేరుశనగా పోయిందనుకోవడం మాత్రం పొరపాటు. నేటికీ ఆఫ్రికాలో ఎక్కువ వేరుశనగ పండించేది నైజీరియానే. అది రేవుకు వెళ్లడం మానేసి వంటింటికి చేరింది. నూనె పిండాక మిగిలిన చెక్కను ఉండలు చుట్టి వేయించే ‘కులికులి’, పల్లీ ముద్ద పూసి ఎండబెట్టే మాంసం ‘కిలిషి’, కాల్చిన మాంసం మీద చల్లే కారం పొడి, అన్నిటిలో పల్లీయే. ఎగుమతి గణాంకాల్లో కనబడని ఈ నూనె పనిలో చాలాభాగం ఆడవాళ్లది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఉన్న మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు కానోలో ఓ పరిశోధన కేంద్రం ఉంది. నైజీరియా శాస్త్రవేత్తలతో కలిసి అక్కడ పరీక్షించిన రోజెట్‌ను తట్టుకునే ‘సామ్‌నట్’ రకాలు రైతుల చేతికి వచ్చాయి.

పరదా వెనక ఉండే హౌసా స్త్రీల వ్యాపారాన్ని పట్టుకున్నది పరిశోధకురాలు పాలీ హిల్. గడప దాటని ఇల్లాళ్లు పిల్లల చేత వండిన తిండి, ధాన్యం, నూలు ఇంటింటికీ పంపి బేరాలు నడపడాన్ని ఆమె 1969లో ‘దాగిన వర్తకం’ అంది. బజారులో వెతికితే దొరకని బజారు అది. ఆమే తర్వాత హౌసా పల్లెలను కర్ణాటక మెట్ట పల్లెలతో పోల్చి 1982లో ఓ పుస్తకం రాసింది. కానో చుట్టూ ఉన్న పొలాల్లో బీడు పెట్టడమంటూ లేదు. ఉదయం గాడిదల మీద కట్టెలు, ధాన్యం ఊళ్లోకి, సాయంత్రం అవే గాడిదల మీద ఊరి పెంట పొలంలోకి. ఎరువుల సంచి రాకముందు నుంచీ ఊరూ పొలమూ ఒకదాన్నొకటి మేపుకున్నాయి.

పొట్ట అన్నిటినీ అరిగించుకుంది కానీ అందరినీ కాదు. రైలుతో పాటు దక్షిణాది గుమాస్తాలు, వ్యాపారులు వచ్చారు. కోట బయట వాళ్లకోసం ‘సబోన్ గరి’, అంటే కొత్త ఊరు కట్టారు. 1953లో అక్కడ అల్లర్లు జరిగాయి. 1966లో తూర్పు నైజీరియాకు చెందిన ఇగ్బోల ఊచకోత జరిగింది, బతికినవాళ్లు తూర్పుకు పారిపోయారు, మరుసటి ఏడాది ఆ ప్రాంతం బియాఫ్రా పేరుతో విడిపోబోగా యుద్ధం వచ్చింది. యుద్ధం ముగిశాక చాలామంది తిరిగొచ్చి మళ్లీ దుకాణాలు తెరిచారు.

ఇక మిల్లులు. 1950ల మొదట్లో కానో వర్తకులు కలిసి పెట్టిన కానో సిటిజన్స్ ట్రేడింగ్ కంపెనీ బట్టల మిల్లు తెరిచింది. తర్వాత బొంపాయ్, షరాదా, చల్లావా పారిశ్రామిక వాడలు నిండాయి. ఆ మిల్లుల్లో చాలా తర్వాత మూతపడ్డాయి. ఎందుకన్నదానికి తయారీదారులు చెప్పే మొదటి కారణం కరెంటు. జనరేటరుకు డీజిలు పోసి నేసిన గుడ్డ ధరలో చైనా గుడ్డతో పోటీ పడలేదు. రెండోది 1986 నాటి ఆర్థిక సర్దుబాటు కార్యక్రమం: నైరా పడిపోయింది, విడిభాగాలు, రంగులు ప్రియమయ్యాయి. మూడోది దొంగరవాణా. నైజీరియా దిగుమతులను నిషేధించినప్పుడల్లా గుడ్డ నైజర్‌లోని మరాదీకి చేరి, అక్కడి నుంచి సరిహద్దు దాటి కానోకు వచ్చేది.

మూడో కారణం దగ్గర కథ చిక్కుపడుతుంది. ఆ గుడ్డను తెప్పించినవాళ్లలో కానో వర్తకులూ ఉన్నారు. కాంతిన్ క్వారి బజారులో అమ్మే అచ్చుబట్టల డిజైన్లను ఇక్కడి అభిరుచికి తగ్గట్టు ఎంచి గ్వాంగ్‌జౌలో అచ్చు వేయించింది ఇక్కడి కొనుగోలుదారులే. తర్వాత చైనా వ్యాపారులే నేరుగా వచ్చి చిల్లరగా అమ్మడం మొదలుపెట్టేసరికి గోల లేచింది. 2012 మేలో అక్రమంగా వ్యాపారం చేస్తున్నారని కానోలో 45 మంది చైనీయులను అధికారులు అరెస్టు చేశారు. మిల్లు కార్మికుడికి గుడ్డ ఎవరు తెచ్చినా ఒకటే. వర్తకుడికి మాత్రం దళారీ వాటా ఎవరిదన్నదే ప్రశ్న. 1911లో పత్తి వదిలి పల్లీ పట్టిన తెలివి, 1990లలో మిల్లు వదిలి దిగుమతి పట్టిన తెలివి ఒక్కటే. లాభం ఎటుంటే సరుకు అటు. వలస పాలన, పెట్రోలు, కరెంటు, చైనా అన్నీ కానో తయారీని దెబ్బకొట్టినవే. కానీ ప్రతి దెబ్బకూ సంత తనను తాను కాపాడుకుంది, పనివాణ్ణి కాపాడలేదు.

చల్లావా టానరీలు మాత్రం నిలిచాయి. కానో మేకతోలు ఇటలీకి, స్పెయిన్‌కు వెళుతుంది. తుమ్మకాయ స్థానంలో క్రోమియం వచ్చింది, వాటి మురుగు చల్లావా నదిలో కలుస్తోంది. ఆవుతోలు దగ్గర టానరీలకు వింత పోటీ ఉంది: దక్షిణ నైజీరియాలో దాన్ని ఉడికించి ‘పొన్మో’ పేరుతో కూరొండుకుంటారు. ఊరి శివార్లలో దవనావు ధాన్యం బజారు పశ్చిమ ఆఫ్రికాలోనే పెద్దదిగా ఎదిగింది. అక్కడి నుంచి ధాన్యం లారీల్లో నైజర్, చాద్‌లకు వెళుతుంది. ఊళ్లో హౌసా సినిమా పరిశ్రమ కూడా ఉంది. 1950ల నుంచి లెబనాన్ వ్యాపారులు తెచ్చిన హిందీ సినిమాలు చూసి పెరిగిన ప్రేక్షకులకు పాటా, పెద్దల మాటకూ ప్రేమకూ మధ్య నలిగే కథా తీస్తుంది.

రంజాన్, బక్రీద్ పండుగలకు ఎమీర్ ముందు వేల గుర్రాలు కవాతు చేయడం ఆనవాయితీ. హౌసాలో అది ‘హవన్ సల్లా’, పండుగ సవారీ. బ్రిటిష్ అధికారులు ఇండియా నుంచి మోసుకెళ్లిన ‘దర్బార్’ అనే మాట దానికి అతుక్కుంది, 2024 డిసెంబరులో యునెస్కో తన వారసత్వ జాబితాలో ఆ పేరుతోనే చేర్చింది. ఆ రోజు వేసుకునే నీలి అంగరఖాలు, తళతళలాడే తలపాగాలు, గుర్రాల తోలు జీనులు కొనేవాళ్లు ఉండబట్టే కొన్ని చేతిపనులు బతుకుతున్నాయి. కోఫర్ మాతా నీలి గుంటల సంఖ్య ఒకప్పుడు వందకు పైమాటే. ఇప్పుడు రంగు ఉన్నవి కొన్నే, మిగతావి చెత్తతో నిండాయి.

2021 ఫిబ్రవరిలో కానో నుంచి మరాదీకి కొత్త రైలుమార్గం పనులు మొదలయ్యాయి. పాత ఒంటెల బిడారుల దారిలో పట్టాలు ఉత్తరంగా ఎడారి వైపు సాగుతున్నాయి. మధ్యలో 2023 జులైలో నైజర్‌లో సైనిక తిరుగుబాటు జరిగి, ఏడెనిమిది నెలలు సరిహద్దు మూసేస్తే దవనావు లారీలు దారిలో నిలిచిపోయాయి. గేటు మళ్లీ తెరుచుకుంది. కోఫర్ మాతాలో కొయ్య సుత్తుల చప్పుడు వినిపించే చోటి నుంచి కాంతిన్ క్వారికి మోటారు రిక్షాలో కాసేపటి ప్రయాణం. అక్కడ మరాదీకి వెళ్లాల్సిన బేళ్ల మీద చైనా అక్షరాలున్నాయి.